సైకిల్ సందేహాలు: వెనక డ్రాపౌట్లు ఏవి పెట్టించుకోవాలి?

ప్రశ్న: మాది హిందూపురం. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. రోజూ ఆఫీసుకి, నెలకోసారి ఊరికి వెళ్లడానికి కొలతలిచ్చి స్టీలు ఫ్రేమ్ చేయించుకుంటున్నాను. డిస్క్ బ్రేకులు, వెనక పది గేర్లు, మడ్‌గార్డులు, క్యారియర్ కావాలి. వెనక డ్రాపౌట్లు, అంటే చక్రం ఇరుసు కూర్చునే ఫ్రేమ్ కొసలు, ఏ రకమని అడుగుతున్నారు. ముందుకూ వెనక్కూ జరిపే స్లైడింగ్ రకమైతే రేపు గేర్లు తీసేసి సింగిల్ స్పీడ్ చేసుకోవచ్చని మా ఫ్రెండు అంటున్నాడు. మీరేమంటారండీ?
– ఒక పాఠకుడు

జవాబు: గేర్లు నిజంగా తీసేస్తారా? ఊరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. వచ్చేటప్పుడు క్యారియర్ మీద అమ్మగారిచ్చిన పచ్చడి జాడీలు. నాకైతే నమ్మకం లేదు.

స్లైడింగ్ రకం చెడ్డదేం కాదు. సింగిల్ స్పీడ్‌లో చైను సాగితే చక్రాన్ని వెనక్కి జరిపి బిగించాలి, దానికి అది బాగా పనికొస్తుంది. మీ సైకిల్లో ఆ వదులంతా, చైనుని గేరు నుంచి గేరుకి మార్చే వెనక డిరైలరే లాగేసుకుంటుంది. జరపాల్సిన పనే లేనప్పుడు అన్ని బోల్టులు, అంత బరువు, పైగా ఖర్చు ఎందుకు?

పాత రోడ్‌స్టర్లలో ఉండే, వెనక్కి తెరుచుకునే గాడి మాత్రం అసలొద్దు. నా మొదటి ఫ్రేమ్‌కి ముచ్చటపడి అదే పెట్టించాను. ఓ వానాకాలం దేవనహళ్లి దాటాక వెనక చక్రం పంక్చరైంది. చక్రం వెనక్కి లాగుదామంటే మడ్‌గార్డు అడ్డం. దాని కడ్డీలు విప్పి, ట్యూబు మార్చి, మళ్లీ బిగించేసరికి రెండు టీలయ్యాయి. "బస్సెక్కుంటే ఈపాటికి ఇంట్లో ఉందువు గదన్నా" అన్నాడు టీ కొట్టతను, తెలుగులోనే.

డ్రాపౌట్ కంటే ముందు హబ్, అంటే చక్రం నడిమి భాగం, తేల్చుకోండి. కొత్త చక్రాలు కొనేట్టయితే 12 మి.మీ. త్రూ యాక్సిల్ (ఫ్రేమ్ రంధ్రాల గుండా దూర్చి మరతో బిగించే ఇరుసు), 142 మి.మీ. హబ్ వెడల్పు చెప్పండి. చక్రం ఎన్నిసార్లు తీసి పెట్టినా డిస్క్ అదే చోట కూర్చుంటుంది. ఇంట్లో 135 మి.మీ. క్విక్ రిలీజ్ (మీట తిప్పి ఊడదీసే రకం) డిస్క్ చక్రం మంచిదే ఉంటే, కిందికి తెరుచుకునే నిలువు గాడి చాలు.

ఏదైనా సరే, డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఊడదీసి మార్చుకునేదై ఉండాలి. ఆఫీసు బేస్‌మెంట్‌లో ఎవరి సైకిలో వచ్చి మీదాని మీద పడుతుంది, హ్యాంగర్ వంగుతుంది, పెద్ద గేరుకి మార్చగానే డిరైలర్ వెళ్లి చువ్వల్లో ఇరుక్కుంటుంది. త్రూ యాక్సిల్‌కే వెళ్తే, సైకిల్ విడిభాగాల కంపెనీ స్రామ్ 2019లో తెచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్) పట్టే డ్రాపౌట్లు అడగండి. చాలా కంపెనీల ఫ్రేములకు ఆ ఒక్కటే సరిపోతుంది. అయినా ఇంకొకటి కొని సీటు కింద సంచిలో పడేయండి.

డిస్కుని పట్టి ఆపే బ్రేకు కాలిపర్ రెండు స్టేల (వెనక చక్రం దాకా వచ్చే ఫ్రేమ్ గొట్టాల) మధ్య, లోపలికి ఉండాలి. బయటికొస్తే క్యారియర్ కాలు తగులుతుంది. మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ 5 మి.మీ. బోల్టు పట్టే రంధ్రాలు వేరువేరుగా పెట్టించండి. రంగు వేయకముందే చక్రం, మడ్‌గార్డు, క్యారియర్ తీసుకెళ్లి ఓసారి బిగించి చూసుకోండి. రంగయ్యాక ఏదైనా అతికించాలని మళ్లీ వేడి తగిలిందంటే ఆ చుట్టూ మాడిపోతుంది.