సోయా క్యాప్సూల్స్‌తో ఎముకలు గట్టిపడతాయా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 52. మాది అనంతపురం. ఏడాదిగా బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన క్యాంపులో మడమకు మిషన్ పెట్టి చూసి, ఎముకల బలం 'మైనస్ 2.1' అని చీటీ రాసిచ్చారు. ఐసోఫ్లేవోన్ క్యాప్సూల్స్ వాడమని అక్కడే చెప్పారు. మొక్కల నుంచి తీసిన ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్) కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. మా అమ్మకు 70 ఏళ్లప్పుడు బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగింది. అందుకే టెన్షన్‌గా ఉంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని, అరగంట ఆగి సోయా పాలలో అవిసె గింజల పొడి కలుపుకుని తాగుతున్నాను. మామూలు పాలు మానేశాను. సోయాతో రొమ్ము క్యాన్సర్ వస్తుందని మా కోడలు అంటోంది. క్యాప్సూల్స్ మొదలుపెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: వద్దండీ. ఎముకల కోసమే అయితే ఆ క్యాప్సూల్స్‌కు పెట్టే డబ్బు, ఎముకల సాంద్రతను ఎక్స్-రేతో కొలిచే డెక్సా స్కాన్‌కు పెట్టండి. సోయా పాలు మానక్కర్లేదు గానీ తాగే వేళ మార్చాలి. మీ కోడలి భయం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ చీటీ విషయం చూద్దాం.

మడమకు పెట్టేది అల్ట్రాసౌండ్ మిషన్. అది ఇచ్చేది అంచనా మాత్రమే. టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో మీ ఎముకను పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1, మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని, మైనస్ 2.5 లేదా ఇంకా తక్కువైతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారిందని మేం చెప్పే లెక్క వెన్నెముక, తుంటి దగ్గర తీసే డెక్సాకు వర్తిస్తుంది. మడమ దగ్గర వచ్చిన అంకెను ఆ లెక్కలో పెట్టి జబ్బు పేరు చెప్పకూడదు. చీటీ ఇచ్చిన చోటే మందు కూడా సూచిస్తున్నారంటే ఆ క్యాంపు ఎవరి బాగు కోసమో అని నాకైతే అనుమానం వస్తుంది. నిజానికి ఆ అంకె కన్నా మీ అమ్మగారి తుంటి విరిగిందన్న మాటే నాకు ముఖ్యంగా తోచింది. తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర ఉంటే పిల్లలకూ ఆ ముప్పు పెరుగుతుంది. కాబట్టి డెక్సాను వాయిదా వేయకండి.

మన ఎముకల్లో పాతదాన్ని తవ్వే కణాలు, ఆ గుంతలు పూడ్చే కణాలు రోజూ పనిలోనే ఉంటాయి. తవ్వే కణాలను ఈస్ట్రోజెన్ అదుపులో పెడుతుంది. నెలసరి ఆగాక ఆ అదుపు తప్పి, బెంగళూరు రోడ్ల మాదిరి తవ్వకం జోరుగా, పూడ్చడం నిదానంగా సాగుతాయి. మొదటి ఐదారేళ్లలోనే నష్టం ఎక్కువ. మీరిప్పుడు ఆ దశలోనే ఉన్నారు.

సోయాలోని జెనిస్టీన్, డైడ్‌జీన్ అనే ఐసోఫ్లేవోన్లు, అవిసె గింజల్లో, నువ్వుల్లో ఉండే లిగ్నాన్లు మన ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటాయి. ఈస్ట్రోజెన్ వెళ్లి అతుక్కునే చోటే ఇవీ అతుక్కుంటాయి, కానీ పనితనం చాలా తక్కువ. పైగా అందరిలో ఒకేలా పనిచేయవు. డైడ్‌జీన్‌ను ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. జపాన్‌లో దాదాపు సగం మందిలో ఉంటే, పాశ్చాత్య దేశాల్లో మూడోవంతు మందిలో కూడా ఉండదు.

మరి ఎముక మీద ఫలితం ఉందా? ఇటలీలో ఎముక పలచబడిన 389 మంది మహిళల్లో దాదాపు సగం మందికి రోజుకు 54 మిల్లీగ్రాముల శుద్ధి చేసిన జెనిస్టీన్‌ను కాల్షియం, విటమిన్ డితో కలిపి రెండేళ్లు ఇచ్చారు. కాల్షియం, విటమిన్ డి మాత్రమే తీసుకున్నవారి కన్నా వీరిలో ఎముక సాంద్రత పెరిగిందని 2007లో ప్రకటించారు. ప్రకటనల్లో ఎక్కువగా చూపేది ఇలాంటి ఫలితాలనే. 2011లో అమెరికాలోని మయామి నుంచి వచ్చిన అధ్యయనం ఇందుకు పూర్తి భిన్నం. అందులో పాల్గొన్న 248 మందీ మీలాగే నెలసరి ఆగి ఐదేళ్లు దాటనివాళ్లు. వాళ్లలో సగం మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత ఎముక నష్టంలో తేడా లేదు. ఒంట్లో ఆవిర్లు మాత్రం సోయా మాత్రలు వేసుకున్నవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి! ఇంత పెద్ద మోతాదే ఎముకను కాపాడలేకపోయినప్పుడు, క్యాంపులో చెప్పిన క్యాప్సూల్ మీద భరోసా పెట్టుకోమని నేను చెప్పలేను.

షాంఘైలో 24 వేల మందికి పైగా మహిళలను గమనించినప్పుడు, భోజనంలో సోయా ఎక్కువగా తినేవాళ్లలో ఎముకలు విరగడం తక్కువగా ఉందని 2005లో తేలింది. అయితే అక్కడ వాళ్లు చిన్నప్పటి నుంచీ టోఫూ, సోయా పాలు తింటూ తాగుతూ పెరిగినవాళ్లు. యాభై దాటాక డబ్బాలోంచి తీసి వేసుకునే మాత్రకు దాన్ని సాక్ష్యంగా చూపలేం.

ఇక సైడ్ ఎఫెక్ట్స్ ఉండవన్న మాట. రోజుకు 150 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు వాడిన మహిళల్లో కొందరికి గర్భాశయం లోపలి పొర మందమైందని 2004లో మరో ఇటలీ అధ్యయనం చూపింది. క్యాప్సూల్స్ వాడినా వాడకపోయినా, నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్టుకు చూపించాల్సిందే.

మీ కోడలికి చెప్పండి: కూరలో వేసుకునే మీల్ మేకర్, టోఫూ, ఒక గ్లాసు సోయా పాలు... ఈ మోతాదులో తింటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని మనుషుల మీద చేసిన అధ్యయనాల్లో తేలలేదు. ఇప్పటికే రొమ్ము క్యాన్సర్ వచ్చి హార్మోన్ మందులు వాడుతున్నవాళ్లు మాత్రం, క్యాన్సర్ డాక్టర్‌ని అడగకుండా ఈ క్యాప్సూల్స్ జోలికి పోకూడదు.

మీ విషయంలో నేను సరిదిద్దాలనుకుంటున్నది పొద్దుటి సోయా గ్లాసు. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడుతుంది, అరగంట ఎడం చాలదు. సోయా పాలు సాయంత్రానికి మార్చండి. కాల్షియం మాత్ర వాడుతుంటే దానికీ, థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల తేడా ఉండాలి. ఇలా మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు, థైరాయిడ్ డోసు సరిపోతోందా అని చూసే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించండి. ఇప్పుడు మాత్ర బాగా పట్టి, పాత డోసే ఎక్కువైపోవచ్చు. థైరాయిడ్ మందు ఎక్కువైతే అదీ ఎముకను కరిగిస్తుంది!

మామూలు పాలు మానేశానన్నారు. అరగకపోవడం వల్ల కాకపోతే మళ్లీ మొదలుపెట్టండి. విడిగా కాల్షియం కలపని సోయా పాలలో అది చాలా తక్కువ, ప్యాకెట్ మీద చూసుకోండి. నెలసరి ఆగిన మహిళలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. గ్లాసు పాలలో సుమారు 240 వస్తుంది, వంద గ్రాముల రాగి పిండిలో 350 దాకా ఉంటుంది. అనంతపురం వాళ్లకు సంకటి గురించి నేను చెప్పాలా! బెంగళూరులోనూ రాగికి కొదవలేదు. అవిసె పొడి రోజుకో చెంచా వేసుకోండి, మలబద్ధకానికి మంచిది. ఎముకల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

డెక్సాతో పాటు రక్తంలో విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) చూపించుకోండి. ఆస్టియోపోరోసిస్ అని తేలితే వారానికో మాత్రగానో, ఏడాదికో ఇంజెక్షన్‌గానో ఇచ్చే మందులున్నాయి. తుంటి, వెన్ను విరగకుండా కాపాడతాయని రుజువైన మందులవి. మీ వయసులో కొందరికి హార్మోన్ చికిత్స కూడా కుదురుతుంది, అది గైనకాలజిస్టు మిమ్మల్ని చూసి తేల్చాలి. మెట్లెక్కడం, చురుగ్గా నడవడం, చేతులతో కాస్త బరువులెత్తడం మాత్రం ఈరోజే మొదలుపెట్టొచ్చు. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించమని మీ అబ్బాయికి చెప్పండి.

డెక్సా మళ్లీ ఎప్పుడన్నది మొదటి రిపోర్టును బట్టి ఉంటుంది, మామూలుగా ఒకటి రెండేళ్లకు. అప్పుడూ అదే సెంటర్‌లో, అదే మిషన్ మీద తీయించుకోండి. మిషన్ మారితే రెండు రిపోర్టులనూ పోల్చి చూడటం కష్టం.