మీ వారు ధర కోసం ఆగడం లేదు

ప్రశ్న: మేము లండన్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నాం. నాలుగేళ్ల బాబు ఉన్నాడు, నాకు ఇప్పుడు ఆరో నెల. మా వారు 2011లో, చదువుకునే రోజుల్లో, ఒక పెద్దాయన దగ్గర పాత ఫిక్స్‌డ్ గేర్ సైకిలు కొన్నారు. 1970ల నాటిదట. బాబు పుట్టాక దాన్ని తొక్కింది రెండు మూడు సార్లే. ఆదివారం రాత్రి తిరగేసి నిలబెట్టి చైను తుడుచుకుంటారు, బాబు పక్కన కూర్చుని చక్రం తిప్పుతుంటాడు. మిగతా రోజులన్నీ అది నడవకు అడ్డం. అమ్మేద్దామంటే సరేనన్నారు. కానీ వచ్చిన ముగ్గురినీ వెనక్కి పంపారు. ఒకాయన గేర్లు పెట్టిస్తానన్నాడు, ఒకాయన తన కాఫీ దుకాణం గోడకు తగిలిస్తానన్నాడు, మూడో ఆయన చక్రాలు, హాండిలు చాలన్నాడు. 600 పౌండ్లు అడుగుతూ 550 ఇస్తానన్నా వద్దన్నారు! ఆ పెద్దాయన ఈయనను వీధిలో ఒక చుట్టు తొక్కించి చూసి, 250 చెప్పిన సైకిలును 180కే ఇచ్చాడట. ఆ కథ వందసార్లు విన్నాను. మా అత్తయ్య కూడా ఫోనులో ‘పాత ఇనుముకు ఇంత పేచీ ఎందుకురా’ అంటున్నారు. వచ్చే నెల ఆయన రెండు వారాలు ఊరికి వెళ్తున్నారు. అప్పుడు మంచి రంగు వేయించి అమ్మేస్తే, వచ్చాక రెండు రోజులు కోప్పడి ఊరుకుంటారని నా ఆలోచన. తప్పంటారా?

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. బాబు చక్రం తిప్పుతుంటాడన్నారు. మామూలు సైకిలుకు వెనుక ఫ్రీవీలు ఉంటుంది కాబట్టి చక్రం తిరుగుతున్నా పెడళ్లు, చైను ఆగి ఉండగలవు. ఫిక్స్‌డ్ గేరులో ఆ వెసులుబాటు లేదు. చక్రం, చైను, పెడళ్లు మూడూ కలిసే తిరుగుతాయి, కలిసే ఆగుతాయి. తిరగేసిన సైకిలు చక్రాన్ని పిల్లవాడు ఒక్క తోపు తోస్తే చైను పళ్ల చక్రం మీదికి పరుగెడుతుంది. అక్కడ వేలు పడితే, తిరుగుతున్న చక్రం ఊపే దాన్ని లోపలికి లాక్కుపోతుంది. ఇలా వేళ్లు తెగినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చక్రం తిరుగుతుండగానే చైను తుడవబోయిన పెద్దవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. ఈ రాత్రే మీ వారితో చైను తీయించండి. ఇలాంటి చైన్లకు సాధారణంగా కలిపే లింకు ఒకటి ఉంటుంది, చేయి తిరిగిన ఆయనకు అయిదు నిమిషాల పని. నూనె రాసి డబ్బాలో భద్రంగా పెట్టుకోమనండి. అమ్మకం ఎప్పుడు తేలినా సరే, ఇది మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

ఇక మీరు అడిగినది. ఆయన లేనప్పుడు అమ్మకండి.

నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ, పిన్ని కాన్పుకని, పుట్టింటికి వెళ్లింది. మంచి ధర వచ్చిందని మా నాన్నగారు అమ్మ హార్మోనియం అమ్మేశారు. ఇల్లు ఇరుకన్న మాట నిజమే, ఆ డబ్బుతో మా ఫీజులు కట్టిన మాటా నిజమే. అమ్మ తిరిగి వచ్చి, పెట్టె ఉండే మూల చూసి, ‘ఎవరు తీసుకున్నారు?’ అని ఒక్కటే అడిగింది. ఆ మనిషి పేరు కూడా నాన్నగారికి తెలియదు. అమ్మ కోప్పడలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు, ఇంట్లో ఏ వస్తువు గురించి అడిగినా ‘మీ ఇష్టం’ అనేది. ఆ రెండు మాటలు ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది. రెండు రోజుల కోపమైతే నేనూ ఫరవాలేదనేదాన్ని.

అలాగని మీ బాధ చిన్నదని అనను. ఆరో నెలలో, చేతిలో సంచులతో, ఆ నడవలో పక్కకు తిరిగి నడవవలసి రావడం కష్టమే. చోటు అడగడం మీ హక్కు. అయితే మీ వారు మొండికేస్తున్నారని మీరు అనుకుంటున్నారు, నాకు అలా అనిపించలేదు. వెనక్కి పంపిన ఆ ముగ్గురినీ మళ్లీ తలుచుకోండి. వాళ్లలో దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తొక్కేవాళ్లు ఒక్కరూ లేరు. గేర్లు పెట్టిస్తానన్నాయన సంగతే తీసుకుందాం. పాత ట్రాక్ (సైకిలు పందేల బాట) ఫ్రేములో వెనుక చక్రానికి ఉండే చోటు సాధారణంగా 120 మిల్లీమీటర్లు, ఇప్పటి గేర్ల చక్రానికి 130 అయినా కావాలి. అది పట్టాలంటే ఉక్కు గొట్టాలను పక్కలకు వంచాలి. ఆయన మనసు ఒప్పుకోలేదంటే ఆశ్చర్యం ఏముంది? 550 వద్దన్న మనిషికి ఆ 50 పౌండ్లు లెక్క కాదు. ఆ పెద్దాయన తనను తొక్కించి చూసి ఇచ్చినట్టే తానూ చూసి ఇవ్వాలనుకుంటున్నారు. బహుశా ఆ మాట మీతో అనడానికి సిగ్గుపడుతున్నారు. తల్లి ‘పాత ఇనుము’ అన్నాక అసలే అనలేరు. అత్తయ్యగారిని ఈ విషయంలోకి ఇక రానివ్వకండి. ఆవిడ మీ పక్షాన మాట్లాడినకొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోతారు.

కాబట్టి గడువు మీరు పెట్టండి, మనిషిని ఆయన ఎంచుకోనివ్వండి. పురిటికి నెల ముందు అది ఇంట్లో ఉండకూడదని స్పష్టంగా చెప్పండి. ఆ తేదీని ఇద్దరూ కలిసి క్యాలెండరు మీద రాయండి. ఎవరికి ఇస్తారన్నది ఆయన ఇష్టం. అప్పటికీ మనసుకు నచ్చినవాళ్లు దొరక్కపోతే, ఎవరైనా స్నేహితుడి ఇంట్లో దాచడానికి ఏర్పాటు చేసుకోవడం ఆయన బాధ్యత. ఇది కూడా ముందే మాట్లాడుకోండి.

రంగు మాత్రం వేయించకండి. మంచి ఉద్దేశంతోనే అనుకున్నారు, కానీ ఇలాంటి పాత సైకిళ్లకు గీతలు పడినా అసలు రంగుకే విలువ. గొట్టం మీద రేనాల్డ్స్ 531 అన్న స్టిక్కరు ఉందేమో చూడండి. బర్మింగ్‌హామ్ కంపెనీ 1935లో తెచ్చిన ఉక్కు గొట్టాలవి. కొత్త రంగు కింద ఆ స్టిక్కరు పోతే సైకిలు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆనవాలే పోతుంది.

ప్రకటన ఆయన చేతనే రాయించండి. ఫ్రేము కొలత, చైను చక్రాల పళ్ల లెక్క, అడుగున పెడళ్ల ఇరుసు దగ్గర కొట్టిన నంబరు, ఎక్కడ సొట్ట పడింది, అన్నీ దాచకుండా రాయమనండి. ముందు చక్రానికి బ్రేకు లేకపోతే ఆ మాట మొదటి వరుసలోనే ఉండాలి. ట్రాక్ మీద బ్రేకు అక్కరలేదు కానీ, బ్రిటన్ రోడ్ల మీద ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకైనా ముందు బ్రేకు ఉండాలన్నది చట్టం. 2016లో లండన్‌లోనే, ముందు బ్రేకు లేని ఇలాంటి సైకిలు ఢీకొని ఒక మహిళ ప్రాణం పోయింది. నడిపిన యువకుడికి మరుసటి సంవత్సరం 18 నెలల శిక్ష పడింది. బిగించే వీలుంటే బ్రేకు పెట్టించాకే ఇవ్వండి. చూసి పోవడానికి వచ్చినవాళ్లు ఎక్కే ముందు, తొక్కడం ఆపితే పెడలు కాలిని ఎత్తి పడేస్తుందని చెప్పి తీరాలి. ఆ సంగతి తెలియనివారిని తొక్కనివ్వకండి.

ఎవరిని వెతకాలన్న ప్రశ్నకు మీ ఊళ్లోనే చోటు ఉంది. దక్షిణ లండన్‌లో హెర్న్ హిల్ ట్రాక్ 1891 నుంచి ఉంది, 1948 ఒలింపిక్స్ ట్రాక్ సైకిలు పోటీలు అక్కడే జరిగాయి. ఒక ఆదివారం ముగ్గురూ వెళ్లి రండి. ఇలాంటి సైకిలును ఉన్నది ఉన్నట్టుగా తొక్కేవాళ్లు, తొక్కేవాళ్లను ఎరిగినవాళ్లు తారసపడేది అలాంటి చోటే. బాబుకూ నాన్న ఇష్టపడేది ఏమిటో కంటితో చూసినట్టు అవుతుంది.

ఈ రాత్రి బాబు పడుకున్నాక, చైను తీస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. వందసార్లు విన్నానన్న ఆ కథను ఈసారి మీరే అడగండి: ‘ఆ పెద్దాయన మీలో ఏం చూసి డెబ్బై పౌండ్లు తగ్గించాడు?’ ఆయన చెప్పే జవాబులోనే, ఎలాంటి మనిషి కోసం చూస్తున్నారో మీకు దొరుకుతుంది. తేదీ సంగతి ఆ తరువాత ఎత్తండి.