పోర్ట్‌ఫోలియోకు ముందుగా డబ్బు అడిగే ఏజెన్సీని నమ్మవచ్చా?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక మోడలింగ్ ఏజెన్సీ పేరుతో సందేశం వచ్చిందనీ, ఎంపికయ్యారని చెప్పి పోర్ట్‌ఫోలియో (అవకాశాల కోసం మోడల్ చూపించే ఫొటోల ఆల్బమ్) కోసం ముందుగా డబ్బు కట్టమంటున్నారనీ మీరు రాశారు. కట్టవచ్చా అన్నది మీ ప్రశ్న. కట్టవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, పందొమ్మిదేళ్ల వయసులో నేను కట్టాను.

అది 2020. అందరం ఇళ్లకే పరిమితమైన నెలలు కావడంతో, ఎంపికలన్నీ వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయని చెబితే నాకు అనుమానం రాలేదు. ఆ ఖాతాకు పేరున్న ఏజెన్సీ లోగో ఉంది, వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, పత్రికల ముఖచిత్రాలు వరుసగా పేర్చి ఉన్నాయి. మేము వెతుకుతున్న ముఖం మీదే అని రాసిన ఒక్క వాక్యాన్ని ఆ రోజు ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. ముందు రిజిస్ట్రేషన్ రుసుము అన్నారు, కట్టాను. ఆ తర్వాత పోర్ట్‌ఫోలియో ఖర్చు అన్నారు. మొదటి పని దొరకగానే తిరిగి ఇచ్చేస్తామన్న మాట నమ్మి, పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నదంతా పంపించాను.

వీడియో కాల్ రోజున తెల్లగోడ ముందు, చేతిలో కొలతల టేపుతో నిలబడ్డాను. ఫోన్‌ను ఎదురుగా పుస్తకాలకు ఆనించి పెట్టాను. అటువైపు కెమెరా ఆపేసి ఉంది. తెర మీద లోగో తప్ప మనిషి లేడు. పక్కకు తిరగమన్నాడు, నాలుగడుగులు నడవమన్నాడు, జుట్టు వెనక్కి కట్టుకోమన్నాడు. ఇవన్నీ నిజమైన ఎంపికల్లోనూ అడిగేవే కాబట్టి ధైర్యంగానే చేశాను. పది నిమిషాలు గడిచాక, దుస్తుల మీద తీసిన కొలతలు సరిగా రావనీ, లోదుస్తులతో నిలబడితే తప్ప క్లయింటుకు నా ఫైలు పంపలేననీ అన్నాడు. మిగతా అమ్మాయిలందరూ ఇచ్చేశారు, మీ ఒక్కరిదే ఆగిపోయింది అన్నాడు. నేను తటపటాయిస్తూ ఉండగా, గదిలో తానొక్కడినే ఉన్నానని మొదట్లో చెప్పిన ఆ మనిషి వెనుక నుంచి ఇంకెవరిదో నవ్వు వినిపించింది. ఒక్క అంగలో వెళ్లి ఫోన్‌ను బోర్లా పడేశాను. కాల్ ఆపాలన్న సంగతి కూడా తోచక ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. టేపు ఇంకా నా నడుము చుట్టూనే ఉంది.

రెండు రోజుల తర్వాత, నేను టేపు పట్టుకుని నిలబడిన దృశ్యం ఫొటోగా వచ్చింది. ఇంకొంత డబ్బు పంపకపోతే దీన్ని నీ ఫ్రెండ్స్ లిస్టులో ఉన్న అందరికీ పంపుతానని రాశాడు. అప్పటిదాకా ప్రతి సందేశంలోనూ ‘మీరు’ అన్నవాడు ఆ ఒక్క సందేశంతో ‘నువ్వు’లోకి దిగాడు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఆ మార్పే.

మా అక్క సలహాతో అసలు ఏజెన్సీ వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మెయిల్ రాశాను. ఆ ఖాతా తమది కాదనీ, తాము ఎవరి దగ్గరా రుసుము తీసుకోమనీ రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. అప్పుడు మళ్లీ చూస్తే, వారం రోజులుగా నేను రోజూ చూస్తున్న ఆ ఖాతా పేరులో ఒక చుక్క అదనంగా ఉంది.

ఈ వృత్తిలో మోడల్‌తో పని చేయించుకునే క్లయింటు ఏజెన్సీకి చెల్లిస్తాడు, ఏజెన్సీ తన కమీషన్ మినహాయించుకుని మిగతాది మోడల్‌కు ఇస్తుంది. ఆ కమీషన్ సాధారణంగా 20 శాతం దగ్గర ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఫ్యాషన్ వర్కర్స్ చట్టం ఆ 20 శాతాన్నే గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. బ్రిటన్‌లో ఫ్యాషన్, ఫొటోగ్రఫిక్ మోడళ్ల దగ్గర ముందస్తు రుసుము తీసుకోవడాన్ని 2010లోనే నిషేధించారు. మోడల్‌కు పని దొరికితేనే తనకూ ఆదాయం ఉండే ఏజెన్సీ పని కోసం తిరుగుతుంది. మీరు కట్టిన రుసుముతోనే గడిచిపోయే వాడికి మీకు పని చూపించవలసిన అవసరం ఎక్కడిది?

ఇక పోర్ట్‌ఫోలియో అనే మాటతో జరిగే వ్యాపారం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కొత్తవారి నుంచి ఏజెన్సీలు అడిగేవి ‘డిజిటల్స్’ అనే సాదా ఫొటోలు: మేకప్ లేకుండా, పగటి వెలుతురులో, ఖాళీ గోడ ముందు, ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తున తీసినవి. వీటికి ఫోన్, తీసిపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి చాలు. ఫిల్టర్లు వేసి, కళ్లు పెద్దవి చేసి, చర్మం నునుపు చేసిన ఫొటోలు చూసి ఎవరూ మిమ్మల్ని అంచనా వేయలేరు. అయినా పిల్లలు అప్పులు చేసి మరీ పది రకాల దుస్తుల్లో ఆల్బమ్‌లు తీయించుకుంటున్నారు.

చిన్న బ్రాండ్లు చేసే అన్యాయం ఇంకొక రకం. మంచి ప్రచారం వస్తుందని ఆశపెట్టి ఉచితంగా పని చేయించుకుంటాయి, లేదా బ్రాండ్ అంబాసిడర్‌గా ఎంచుకున్నామని చెప్పి వాళ్ల సరుకు మనచేతే కొనిపిస్తాయి. ఆ తొందరలో సంతకం పెట్టే కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచంలో ఎక్కడైనా, ఏ మాధ్యమంలోనైనా’ అనే మాటలు ఉంటే అక్కడ ఆగి చదవండి. ఒక పూట తీసిన ఫొటోను పదేళ్ల తర్వాత కూడా, మీకు నచ్చని ప్రకటనలో, పైసా ఇవ్వకుండా వాడుకునే హక్కు మీరు రాసిచ్చినట్టే. ఇప్పుడు మీ రూపానికి కృత్రిమ మేధతో నకలు తయారుచేసే అనుమతిని కూడా అందులోనే కలిపేయవచ్చు. న్యూయార్క్ చట్టం దీనికి విడిగా రాతపూర్వక అంగీకారం ఉండాలన్నది అందుకే.

మీరు ఇప్పటికే ఫొటోలు పంపి ఉంటే, బెదిరించినా డబ్బు మాత్రం పంపకండి; ఒకసారి ఇచ్చినవారిని మళ్లీ అడుగుతారు. సన్నిహితమైన ఫొటోల విషయంలో పద్దెనిమిదేళ్లు నిండినవారికి స్టాప్‌ఎన్‌సీఐఐ, అంతకంటే చిన్న వయసులో తీసినవాటికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవలు ఉన్నాయి. ఫొటో మీ ఫోన్ దాటి బయటకు వెళ్లదు; దాని నుంచి తయారైన ఒక డిజిటల్ గుర్తును మాత్రమే తీసుకుని, తమతో కలిసి పనిచేసే వేదికల మీద ఆ ఫొటోను అడ్డుకుంటాయి.

ఇంట్లో ఒకరికి ఈరోజే చెప్పండి. ఆ ఫొటోలు పెట్టుకోవడం ఎందుకు, ఇప్పుడు ఏడవడం ఎందుకు అని మా బంధువొకరు నన్ను అందరి ముందూ అన్నారు. ఆ మాటకు కుంగిపోయి, ఆ రాత్రే సంభాషణ మొత్తం చెరిపేశాను. వారం తర్వాత అక్క నన్ను ఫిర్యాదు చేయడానికి తీసుకువెళితే, అక్కడి అధికారి ఆ సందేశాలు చూపించమన్నారు. నా దగ్గర డబ్బు పంపిన రెండు రసీదులు తప్ప ఏమీ మిగలలేదు. మీ ఫోన్‌లో ఉన్న ఆ సందేశాలను, ఖాతా పేరుతో సహా, ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి అక్కకో అమ్మకో పంపి ఉంచండి.