137 కాస్తా 129 ఎలా అయింది?

ప్రశ్న: విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం ఆల్ఫా 1/137 అని చదువుకున్నాం. జెడ్ బోసాన్ అనే బరువైన కణం శక్తి దగ్గర 1/129 అని పాఠ్యపుస్తకంలో ఉంది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి పెట్టి లెక్క వేస్తే 134.6 దగ్గరే ఆగిపోతోంది. పొరపాటెక్కడ? మా ల్యాబ్ ఫర్నేస్ 1000 డిగ్రీలకు పోతుంది, అందులోనూ ఆల్ఫా మారుతుందా?
– ఎం.ఎస్సీ. విద్యార్థి, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీ లెక్క తప్పు కాదు, పూర్తి కాలేదు, అంతే.

ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న శూన్యంలో కణం-ప్రతికణం జంటలు దాని ఆవేశాన్ని కొంత కప్పేస్తాయి. దూరం నుంచి కనిపించేది ఆ ముసుగు పోగా మిగిలినది. ఢీకొట్టే శక్తి పెరిగేకొద్దీ ముసుగు దాటి లోపలికి వెళతాం, ఆవేశం ఎక్కువగా కనిపిస్తుంది.

ముందు ఎలక్ట్రాన్ వాటా చూద్దాం. ఆల్ఫాను 3పైతో భాగిస్తే 0.000774. జెడ్ బోసాన్ శక్తి 91.19 జీఈవీని (జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.000511 జీఈవీతో భాగించి, వర్గం చేసి, నేచురల్ లాగ్ తీస్తే 24.18. ఇందులోంచి 5/3 తీసేయాలి, చాలామంది మరిచేది ఇక్కడే. మిగిలిన 22.52ను 0.000774తో గుణిస్తే 0.0174. అంటే 137.036లో 2.39 తగ్గుతుంది, మీ 134.6 అదే. ఇదే పని ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువులైన మ్యూయాన్‌కు (105.66 ఎంఈవీ, అంటే జీఈవీలో వెయ్యో వంతులు) చేస్తే 0.0092, టావ్‌కు (1777 ఎంఈవీ) 0.0048 వస్తాయి. అప్పటికి 132.7.

మిగతాది ప్రోటాన్ల వంటి కణాల్లో ఉండే క్వార్కుల వాటా, సుమారు 0.0276. దీనికి ఈ సూత్రం పనికిరాదు. తేలిక క్వార్కులు విడిగా దొరకవు కాబట్టి ఏ ద్రవ్యరాశి పెట్టాలో తెలియదు. కొన్ని ఎంఈవీలు పెట్టేస్తే వాటా అనవసరంగా ఉబ్బిపోతుంది. అందుకే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీకొని హ్యాడ్రాన్లు (క్వార్కులతో తయారైన కణాలు) పుట్టే రేటును ప్రయోగంలో కొలిచి, ఆ కొలతలనే సమాకలనం చేస్తారు. అన్నీ కలిపితే 0.059, 137.036లో అంత వంతు తగ్గిస్తే ఆల్ఫా విలోమం 128.9. కొన్ని పట్టికల్లో 127.95 కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఎంఎస్-బార్ అనే వేరే నిర్వచనం. జపాన్‌లోని ట్రిస్టాన్ యాక్సిలరేటర్‌లో 57.8 జీఈవీ దగ్గర 1997లో వచ్చిన కొలత 128.5, అటూఇటూ 2.

ఇక ఫర్నేస్. 1000 డిగ్రీల సెల్సియస్ అంటే 0.11 ఎలక్ట్రాన్ వోల్టు. పై లాగ్ సూత్రంలో ఇది పెట్టకండి! లాగ్ రుణాత్మకమై, ఆల్ఫా తగ్గినట్టు చూపిస్తుంది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి బాగా దిగువన వాడాల్సింది ఆల్ఫా/15పైని, శక్తి-ద్రవ్యరాశి నిష్పత్తి వర్గంతో గుణించే సూత్రం. అలా చేస్తే మార్పు 10⁻¹⁷ కంటే తక్కువ. ఆల్ఫాను మనం కొలవగలిగేదే 10⁻¹⁰ వరకు, కనుక ఫర్నేస్‌లో ఏమీ తేలదు. హైడ్రోజన్‌లో మాత్రం ఈ ముసుగు జాడ దొరుకుతుంది: రెండు శక్తి స్థాయుల మధ్య ఉండే 1057 మెగాహెర్ట్జ్ చిన్న తేడా, అంటే ల్యాంబ్ షిఫ్ట్‌లో −27 మెగాహెర్ట్జ్ దీని పుణ్యమే.

ప్రశ్న: 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశం 1.602176634×10⁻¹⁹ కూలంబులని ఖాయం చేశారు కదా. మరి ఆవేశం మారడమేమిటి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఖాయం చేసింది దూరం నుంచి, శక్తి సున్నాకు దగ్గరపడినప్పుడు కనిపించే ఆవేశాన్ని. దగ్గరికి వెళ్తే పెరిగేది దాని ప్రభావం. అప్పటి నుంచి ఆల్ఫా కొలతలోని అనిశ్చితి ఆవేశం మీద కాక, శూన్యపు పర్మిటివిటీ (శూన్యంలో ఆవేశాల మధ్య బలం ఎంతో నిర్ణయించే స్థిరాంకం) మీద పడుతోంది.