అక్కడికి వెళ్తే నా ప్రశాంతత పోతోంది

ప్రశ్న: పన్నెండేళ్లుగా క్యాన్సర్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఇక నయం కాదని తేలినవాళ్లే మా దగ్గర ఎక్కువ. ఆరేళ్లుగా రోజూ తెల్లవారుజామున నలభై నిమిషాలు ధ్యానం చేస్తున్నాను. అందువల్లే అంత బాధ మధ్యలో కూడా నవ్వుతూ ఉండగలిగాను. ఆర్నెల్లుగా ఆ ఆనందం లేదు. ధ్యానంలో కూర్చుంటే ఏడుపొస్తోంది. పక్షవాతంతో అమ్మ ఎనిమిది నెలలుగా మంచంలో ఉంది, మాట రాదు. అన్నయ్య ఇంట్లో వదిన చూసుకుంటోంది. చిన్నప్పటి నుంచి నన్ను తక్కువ చేసి, అన్నయ్యనే నెత్తిన పెట్టుకున్న మనిషి అమ్మ. అక్కడికి వెళ్తే నా ప్రశాంతత పోతోంది కాబట్టి డబ్బు పంపించి ఊరుకుంటున్నాను. సాధన సమయం పెంచాలా? వేరే వార్డుకి మారిపోవాలా?

జవాబు: రెండూ వద్దు. నలభై నిమిషాలు చాలు. వార్డు మారినా ఈ ఏడుపు మీ వెంటే వస్తుంది.

మీ ఉత్తరంలో అమ్మ గురించి నాలుగే వాక్యాలున్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. అమ్మ మంచాన పడి ఎనిమిది నెలలు, మీ ఆనందం పోయి ఆర్నెల్లు. ఈ రెండు లెక్కలూ మీరే రాశారు, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

బాధ మధ్య నవ్వుతూ ఉండటమే సాధన ఫలితమని మీరు అనుకుంటున్నారు. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం, 33వ సూత్రం చూడండి. సుఖం ఉన్నచోట మైత్రి, దుఃఖం ఉన్నచోట కరుణ, పుణ్యం ఉన్నచోట ముదిత, పాపం ఉన్నచోట ఉపేక్ష. ఈ నాలుగూ అలవాటు చేసుకుంటే మనసు తేటపడుతుందంటాడు. ముదిత అంటే సంతోషమే, కానీ దాన్ని పుణ్యం పక్కన పెట్టాడు. దుఃఖం ఎదుట ఆయన అడిగింది కరుణ ఒక్కటే. కాబట్టి రోగి పోయిన రోజు మీకు ఏడుపొస్తే సాధన చెడిపోయిందని భయపడకండి. ఏడవండి. తోటి నర్సుతో కాసేపు ఆ మనిషి గురించి మాట్లాడుకోండి.

ఇక అసలు సంగతి. వార్డులో మీకు కరుణ సులువుగా వస్తుంది, ఎందుకంటే ఆ రోగులెవరూ చిన్నప్పుడు మిమ్మల్ని తక్కువ చేయలేదు. అమ్మ దగ్గర అలా కుదరదు. దుఃఖంలో ఉన్న మనిషీ, మీకు అన్యాయం చేసిన మనిషీ ఒక్కరే. అక్కడ కరుణా కావాలి, ఉపేక్షా కావాలి. ఉపేక్ష అనగానే మనకి పట్టించుకోకపోవడం గుర్తొస్తుంది. జరిగిన తప్పుని రోజూ తవ్వుకోకుండా పక్కన పెట్టడమని నేను అర్థం చేసుకుంటాను. మీరు తప్పుని గట్టిగా పట్టుకుని అమ్మని వదిలేశారు.

ఆవిడ చేసింది అన్యాయమే. ఆడపిల్లని తక్కువ చేసి పెంచడాన్ని నేను ఏ రోజూ సమర్థించను, మీరు క్షమించి తీరాలనీ అనను. కానీ ఆవిడ నోటి నుంచి ఒక్క మాట కోసం మీరింకా ఎదురుచూస్తున్నారనిపిస్తోంది. పక్షవాతం ఆ మాటని తీసుకుపోయింది. ధ్యానంలో మీకొచ్చే ఏడుపు దానికోసమేనని నా నమ్మకం.

వదిన గురించి కూడా ఆలోచించండి. కన్నకూతురు పన్నెండేళ్ల అనుభవమున్న నర్సు, మంచంలో ఉన్న మనిషిని ఎత్తి పడుకోబెట్టేది మాత్రం ఏ శిక్షణా లేని కోడలు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయని, మింగడం కష్టమైతే కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టాలని మీరు రోజూ ఎంతమందికి చెబుతారు? ఆవిడకి ఎవరు చెప్పారు? డబ్బు పంపడం మంచిదే, ఆపకండి. దానితో కూతురి బాధ్యత తీరిందంటే మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మని మీ ఇంటికి తెచ్చుకోమనడం లేదు. వారానికి ఒక పూట వెళ్లండి. ఆ పూట వదినని బయటికి పంపేసి, ఆవిడ తిరిగొచ్చేదాకా అమ్మ పని మొత్తం మీరే చూడండి. నవ్వాలని ప్రయత్నించొద్దు. కోపమొస్తే రానివ్వండి, అయినా మీ చేతులు పని చేస్తూనే ఉంటాయి, వాటికి పన్నెండేళ్ల అలవాటుంది. మొదటి రెండు మూడు సార్లు ప్రశాంతత పోతుంది, పోనివ్వండి. మర్నాడు ఎప్పటిలాగే ధ్యానంలో కూర్చోండి. నిద్ర, తిండి కూడా తప్పుతుంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి.

మీ సెలవు ఏ రోజో చూసుకుని, ఈరోజే వదినకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పండి.