మైక్రోస్కోప్‌లో చూస్తే తెలిసిపోదా?

ప్రశ్న: బయట నుంచి తెచ్చిన చికెన్, దాంతో ఇచ్చిన మయోనీజ్ తిని మా ఇంట్లో ముగ్గురం వాంతులు, విరేచనాలతో మంచం పట్టాం. ఫ్రిజ్‌లో మిగిలిన మయోనీజ్‌ను ల్యాబ్‌కి ఇస్తే, సాల్మొనెల్లా ఉందో లేదో చెప్పడానికి ఐదారు రోజులు పడుతుందన్నారు. కరోనా టెస్టు మర్నాటికల్లా వచ్చేసేది, దీనికెందుకంత టైమ్? మైక్రోస్కోప్‌లో చూస్తే తెలిసిపోదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ల్యాబ్ వాళ్లు మిమ్మల్ని ఊరికే తిప్పుకోవడం లేదండీ, అంత టైమ్ నిజంగానే పడుతుంది. మైక్రోస్కోప్‌లో సాల్మొనెల్లా అనే ఈ బ్యాక్టీరియా చిన్న కడ్డీలా కనిపిస్తుంది, మన పేగుల్లో మామూలుగా ఉండే ఈ-కోలై కూడా అచ్చం అలాగే ఉంటుంది, ఏది ఏదో చూసి చెప్పలేం. పైగా వేరే బ్యాక్టీరియా లక్షల్లో ఉన్నచోట ఇది పదో ఇరవయ్యో ఉండొచ్చు, అవి కూడా పులుపుకీ ఫ్రిజ్ చలికీ సగం చచ్చి ఉంటాయి.

అందుకే ముందు వాటిని కోలుకోనివ్వాలి. 25 గ్రాముల శాంపిల్‌ను 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీళ్లలో (బ్యాక్టీరియాకి తిండి కలిపిన నీళ్లు) కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. మర్నాడు అందులోంచి కొన్ని చుక్కలు తీసి, మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు కలిసిన ద్రవంలో వేసి 41.5 డిగ్రీల దగ్గర ఇంకో రోజు పెడతారు. ఆ రంగూ ఆ వేడీ మిగతా వాటిలో చాలావాటికి పడవు, సాల్మొనెల్లా మాత్రం తట్టుకుని పెరుగుతుంది. మూడో రోజు బ్యాక్టీరియాని పెంచే ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రటి ప్లేటు మీద లూప్‌తో (కొస వంకీ తిరిగిన సన్నటి తీగ) గీస్తారు. నాలుగో రోజు పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసి ఆ ప్లేటు చూడటం నాకు భలే ఇష్టం. ఈ-కోలై అయితే పసుపు పచ్చగా ఉంటుంది, సాల్మొనెల్లా అయితే ఎర్రటి చుక్క మధ్యలో నల్లటి బొట్టు, అది వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. కానీ బొట్టు చూసి తొందరపడకూడదు, ప్రోటియస్ లాంటి వేరే బ్యాక్టీరియా కూడా ఒక్కోసారి నల్లగానే వస్తాయి. అందుకే ఆ చుక్కను విడిగా పెంచి, రసాయన పరీక్షలూ యాంటీసీరం (సాల్మొనెల్లాను గుర్తుపట్టే యాంటీబాడీలున్న ద్రవం) పరీక్షా చేస్తారు.

కరోనాకి వాడిన పీసీఆర్, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, దీనికీ ఉంది. అయినా ఒక రోజు పెంచాకే చేస్తారు, ఎందుకంటే ముక్కులో వైరస్ కుప్పలుగా ఉన్నట్టు తిండిలో ఇది ఉండదు.

మీ అనుమానం మాత్రం సబబే, పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌లో గుడ్డు ఉడకదు కదా. 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా.

ఇంకా విరేచనాలు అవుతుంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మలపరీక్షకి ఇవ్వాలా అని డాక్టర్‌ని అడగండి. మయోనీజ్‌లో దొరికిందీ మీలో దొరికిందీ ఒకటేనా అని పోల్చడానికి రెండూ కావాలి.