వేగంగా ఆడే వింగర్ల కెరీర్ ఎందుకు అంత తొందరగా ముగిసిపోతుంది?

మీ అబ్బాయికి పదమూడేళ్ళని, ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగ్‌లో, అంటే ముందు వరసలో ఎడమ అంచున ఆడతాడని, స్కూలు జట్టులో అతనంత వేగంగా పరుగెత్తేవాడు లేడని రాశారు. వేగం మీద బతికే ఆటగాడు పాతికేళ్ళకే అయిపోతాడని ఎవరో అన్నారట, అప్పటి నుంచి మీకు భయం పట్టుకుందట. ఆ మాట అన్నవారు మైదానం గట్టు మీద కూర్చుని చూసినవారే తప్ప లోపలికి దిగినవారు కాదని గట్టిగా చెప్పగలను. నేను ఏడేళ్ళు లెఫ్ట్ వింగ్‌లో ఆడాను. వేగం వల్ల ఎవరి ఆటా ముగియదు. ఆగడం ఎవరూ నేర్పకపోతే ముగుస్తుంది, దెబ్బ తగిలిన రోజు పట్టించుకునే మనిషి లేకపోతే ముగుస్తుంది.

మాది సికింద్రాబాద్. మా పెదనాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ట్రంకు పెట్టె మూత లోపలి వైపు పత్రికలోంచి కత్తిరించిన ఒక ఫొటో అంటించి ఉండేది. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ మనిషి కనిపించేవాడు. అది ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం. మా తరం పిల్లలకు సినిమా హీరోలు ఎలాగో మా పెదనాన్నకు బలరాం అలాగ.

బలరాం పుట్టింది 1936లో, సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో. ఆయన మనవాడా, తమిళుడా, ఆడిన క్లబ్బును బట్టి బెంగాలీయా అని వాదించుకునేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. అమ్ముగూడ మట్టిలో బంతి తన్నినవాడు అమ్ముగూడ వాడు. అప్పట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేశం మొత్తం తల తిప్పి చూసేది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి కంట్లో ఈ కుర్రవాడు పడ్డాడు. శిక్షణకు హైదరాబాద్ దాకా రావడానికి డబ్బులు లేవంటే, అద్దె సైకిలుకు రహీం గారే డబ్బులిచ్చారని మా వైపు పెద్దలందరూ చెప్పుకునేవారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచిన మన జట్టులో బలరాం ఉన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు.

ఇక నా సంగతి. 1986లో నాకు పధ్నాలుగేళ్ళు. స్కూలు జట్టులో నాకంటే వేగంగా పరుగెత్తేవాడు లేడు. బంతి ముందుకు కొట్టుకోవడం, దాని వెనక పరుగు తీయడం, లైను దాకా వెళ్ళి కళ్ళు మూసుకుని మధ్యలోకి తన్నడం, నాకు తెలిసిన ఆటంతా అదే. గట్టు మీద జనం ఈలలు వేసేవారు. ఒక స్కూళ్ళ పోటీలో మేము 1-0తో ఓడిపోయాం. ఆ రోజు నేను అలా మధ్యలోకి తన్నిన క్రాసుల్లో ఒక్కటి కూడా మా ఫార్వర్డ్ తలకు అందలేదు. పెదనాన్న ఆట అంతా చూశారు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారకముందే లేపారు. రాత్రంతా వాన. రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న మైదానం చెరువులా ఉంది. ఆయన సంచిలో నాలుగు ఇటుకలు మోసుకొచ్చారు. టచ్‌లైను, అంటే మైదానం పక్క గీత వెంబడి పది అడుగులకొకటి చొప్పున పెట్టారు. "బంతితో పరుగెత్తు. ప్రతి ఇటుక దగ్గరా ఆగు. బంతి నీ కాలి కిందే ఉండాలి" అన్నారు. ఇంతేనా అనుకున్నాను. మొదటి ఇటుక దగ్గర ఆగబోయి వెల్లకిలా పడ్డాను. లేచి మళ్ళీ పరుగెత్తాను. ఈసారి నేను ఆగాను, బంతి ఆగలేదు. మూడోసారి బంతి ఆగింది, నేను దాన్ని దాటి జారిపోయాను. నోట్లోకి బురద పోయింది.

అప్పుడాయన చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు. ఆయనకు యాభై దాటాయి. నన్ను ఎదురుగా నిలబెట్టి "నా దగ్గర నుంచి బంతి లాక్కో" అన్నారు. టచ్‌లైను వెంబడి నా మీదికి వచ్చారు, పెద్ద వేగమేమీ లేదు. నేను బంతి మీదికి దూకాను. ఆయన అరికాలితో బంతిని అలా అదిమి పట్టి నిలబడిపోయారు. నేను మాత్రం ఆగలేక ఆయన పక్క నుంచి నాలుగు గజాలు జారుకుంటూ పోయాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన తాపీగా బంతిని మైదానం మధ్యలోకి నెట్టారు.

"ఒరేయ్, పరుగు చూసి ఎదుటివాడు కూడా పరుగెత్తుతాడు. నువ్వు ఆగితే వాడు ఆగలేడు. ఆ క్షణంలో తలెత్తి చూడు, మనవాడు ఎక్కడున్నాడో కనిపిస్తాడు. నిన్న ఒక్కసారైనా తలెత్తావా?"

ఎత్తలేదు. అప్పుడు ఆయన బలరాం గురించి చెప్పారు. పెదనాన్న రైల్వే పాసు మీద 1961లో కలకత్తా వెళ్ళారట. కలకత్తా లీగు వానాకాలంలో జరుగుతుంది, మైదానాలన్నీ బురద. ఆ ఏడాది అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కెప్టెన్ బలరాం, లీగు గెలిచింది కూడా వాళ్ళే. ఎరుపు, బంగారు రంగు చొక్కా వేసుకుని ఎడమ పక్కన బలరాం బంతి అందుకుంటే జనం లేచి నిలబడేవారట. వాళ్ళ భాష ఒక్క ముక్క రాని మా పెదనాన్న కూడా వాళ్ళతో పాటు లేచి అరిచారట. "అంత వేగంగా వచ్చి ఎలా ఆగేవాడురా! బురదలో అందరూ జారుతుంటే అతను మేకు దిగినట్టు ఆగేవాడు" అన్నారు. చెబుతూ ఆ బురదలోనే మళ్ళీ మళ్ళీ ఆగి చూపించారు. ఏడు గంటలకు షిఫ్టు, ఆరున్నర దాకా అక్కడే ఉన్నాం. ఆ నాలుగు ఇటుకలు రెండేళ్ళు మా ఇంటి గుమ్మం పక్కనే ఉన్నాయి.

ఇది మా పెదనాన్న సొంతంగా కనిపెట్టిన విద్య అనుకోవద్దు. రహీం గారి బడి అది. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడుపుకుంటూ ఎదుటివాణ్ణి తప్పించడం, చేయకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు ఆయన హైదరాబాద్‌లో పెట్టించేవారు. ఎంత వేగం ఉన్నవాడైనా ఆలోచించి తీరాల్సిన పరిస్థితి కల్పించేవారన్న మాట. ఇప్పుడు టీవీలో ఫలానా వింగర్ గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాడని అంకె వేసి చూపిస్తారు. ఎంత త్వరగా ఆగాడో ఏనాడైనా చూపించారా? ఆ అంకెలు చూసే మన కోచ్‌లు పిల్లల్ని స్టాప్‌వాచ్ పెట్టి ఎంపిక చేస్తున్నారు. వందగజాల పరుగు పందేనికి ఎంపిక చేసినట్టుంటుంది.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. గోల్ వేసినవాడి పేరు పత్రికలో మిగులుతుంది, బంతి అందించినవాడి లెక్క ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు. బలరాం ఎన్ని గోల్స్‌కు దారి వేశాడో ఇక ఎవరికీ తెలియదు. తెలిసినవే తక్కువ కాదు. ఈస్ట్ బెంగాల్‌కు వందకు పైగా గోల్స్ వేశాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీ చేతిలో మనం 2-1తో ఓడాం, ఆ ఒక్క గోల్ బలరాంది. ఫ్రాన్స్‌తో 1-1, గోల్ పీకే బెనర్జీది. పెరూ చేతిలో 3-1, మళ్ళీ బలరాం గోల్. దేశం వేసిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడవి! 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద కూడా గోల్ వేశాడు. ఫైనల్‌లో లక్షమంది దాకా జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ జట్టులో పీకే, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ఉన్నారు. అదే ఏడాది బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి ఏడాది ఆట ఆగిపోయింది. 1963లో, ఇరవై ఏడేళ్ళ వయసులో. మీకు ఆ మాట చెప్పిన పెద్దమనిషి దీన్నే ఉదాహరణగా చూపిస్తారేమో. చూపించనివ్వకండి. బలరాం కాళ్ళు బాగానే ఉన్నాయి, దెబ్బ తీసింది ఊపిరితిత్తుల జబ్బు. రహీం గారు కూడా ఆ జూన్‌లోనే క్యాన్సర్‌తో పోయారు. గురువూ శిష్యుడూ ఒకే ఏడాది మైదానానికి దూరమయ్యారు. పీకే, చునీలకు పద్మశ్రీ వచ్చింది, బలరాంకు చివరిదాకా రాలేదు. ఇది అన్యాయమని నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను. ఆయన హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఉండేవారు, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. ఆ రోజు నేను పెదనాన్న ట్రంకు పెట్టె తెరిచాను. ఫొటోలో ముఖం చెరిగిపోయింది, కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

నా ఆట ఎలా ముగిసిందో చెబితే మీ ప్రశ్నకు అసలు సమాధానం దొరుకుతుంది. ఇరవై ఒకటో ఏట ఒక ఆఫీసు జట్టుకు ఆడుతున్నాను. సెమీఫైనల్ మొదటి సగంలో తొడ వెనక కండరం చివుక్కుమంది. ఎవరో కర్రతో కొట్టారేమో అనుకుని వెనక్కి చూశాను, ఎవరూ లేరు. మేనేజరు చల్లటి స్ప్రే కొట్టించి, గట్టిగా కట్టు కట్టించి, మళ్ళీ దింపాడు. నాకూ దిగాలనే ఉంది, కాదనను. పది నిమిషాలకు పూర్తిగా చిరిగింది. తర్వాత మూడు నెలలకే మళ్ళీ ఆడమన్నారు, మళ్ళీ చిరిగింది. గాయపడిన కండరాన్ని మళ్ళీ ఆటకు సిద్ధం చేసే ఫిజియో అనే మనిషి ఉంటాడని కూడా మాకు అప్పుడు తెలియదు. వింగర్లకు పదే పదే వచ్చే గాయం ఇదే. నిలబడిన చోటు నుంచి ఒక్కసారిగా పరుగు, వెంటనే ఆగడం, మళ్ళీ పరుగు, ఆ భారమంతా పడేది ఆ కండరం మీదే. మొదటిసారి పట్టేసినప్పుడు వదిలేస్తే అది జీవితాంతం గుర్తుచేస్తూనే ఉంటుంది.

పాతకాలపు వింగర్ల కష్టం ఇంకా ఎక్కువ. ప్రపంచ కప్‌లో పసుపు, ఎరుపు కార్డులు వచ్చిందే 1970లో, మారు ఆటగాణ్ణి దింపే వీలు వచ్చిందీ అప్పుడే. అంతకుముందు వింగర్‌ను అడ్డుకునే ఫుల్‌బ్యాక్ మోకాలి మీద తన్నినా కుంటుకుంటూ ఆడాల్సిందే. బ్రెజిల్ జనం ప్రాణంగా చూసుకున్న వింగర్ గరించా మోకాళ్ళు పాడైంది అలాంటి కాలంలోనే. వాళ్ళను వేగం పాడు చేసిందనడం అన్యాయం.

అందుకని మీ అబ్బాయి వేగాన్ని తగ్గించకండి. నాలుగు ఇటుకలు తెచ్చి పెట్టండి, వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. ఎడమ కాలితో ఎంతసేపు చేస్తాడో కుడి కాలితోనూ అంతసేపు చేయించండి. తొడ వెనక పట్టేసినట్టుందని అతను ఒక్క మాట అన్నా, ఆ రోజు ఫైనల్ అయినా సరే, కోచ్ ఎంత బతిమాలినా సరే, మీరే మైదానంలోకి వెళ్ళి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి. అతను ఏడుస్తాడు. ఏడవనివ్వండి, వచ్చే నెల ఆడతాడు.